అన్న పళ్ళకు అమ్మ చేసిన మైనపు తొడుగు

పిల్లవాడు నిద్రపోయాడు. గాజు గ్లాసులో నీళ్ళు పోసి వాడి రబ్బరు తొడుగు అందులో వేసి బల్ల మీద పెట్టాను. బాక్సింగు ఆడేవాళ్ళు పళ్ళకు దెబ్బ తగలకుండా నోట్లో పెట్టుకునే వస్తువది. పోయిన వారం బడిలో హాకీ బంతి తగిలి వీడి తోటిపిల్లవాడి పెదవి చీలినప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు. ఆట మాన్పించలేనని తెలిసి, పని మీద మదరాసు వెళుతున్న మా వారి వెంటపడి దీన్ని తెప్పించాను. అది వచ్చిన రోజు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, మిట్టమధ్యాహ్నం పెరట్లో పలకరాతి బండ మీద పెట్టి, ఎండలో పక్కనే కూర్చుని దాన్ని చూస్తూ ఉండిపోయాను. ఎందుకట్లా కూర్చున్నానో మా వారికి చెప్పలేదు. మార్కాపురం ఎండల్లో, ఆ నల్లబండల మధ్య పెరిగిన నా ఈడు వాళ్ళకైతే చెప్పుకోగలను.

మాది మార్కాపురం దగ్గర పలకల గనులున్న పల్లె. మా నాయన గనిలో ఉలి పెట్టి రాతిని పొరలు పొరలుగా చీల్చేవాడు. నేను అక్షరాలు దిద్దిన పలక ఆయన చీల్చిందే. ఆ పనిలో లేచే బూడిదరంగు దుమ్ము ఆయన కనుబొమల మీద, చెవుల వెనక, కట్టుకున్న పంచె మడతల్లో ఉన్నట్టే ఆయన రొమ్ములోనూ చేరడంతో, నాకు బుద్ధి తెలిసేసరికి ప్రార్థన మందిరం దాకా నడవడానికి కూడా దారిలో ఆగి ఆగి ఊపిరి కూడదీసుకునేవాడు. ఆ దగ్గు వింటూ అమ్మ దేవుణ్ణి ఒకటే అడిగేది, మా అన్న మాత్రం ఆ గుంటలోకి దిగకూడదని. అందుకే కర్నూలులో పోలీసులకు మనుషుల్ని ఎంచుకుంటున్నారని, తాను ఒక మాట చెప్పి పంపుతానని మా పాస్టరు అయ్యగారు అన్నప్పుడు, అమ్మ ఆ పూట పొయ్యి దగ్గరే మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చింది.

అంతలో ఎదురింటి మామ వచ్చి నవ్వులాటకు అన్నాడో నిజంగానే అన్నాడో గానీ, "ఎద్దును కొనేటప్పుడు చూసినట్ల నోరు తెరిపించి పండ్లు చూస్తారంటక్కా, ముందర పన్ను లేకపోతే ఎనక్కి తోలుతారంట" అని పోయినాడు. అది మొదలు అమ్మకు వేరే ధ్యాస లేదు. అన్నకు చెరుకు ముక్క పెట్టడం మానింది, కూరలో ఎముక కనిపిస్తే తీసి నా పళ్ళెంలో వేసేది, సాయంత్రం దీపం వెలిగించగానే వాణ్ణి కూర్చోబెట్టి, పై పెదవి ఎత్తి చూసేది. పద్దెనిమిదేళ్ళ వాడు సిగ్గుతో చచ్చిపోయేవాడు.

ఈస్టరు మర్నాడు చుట్టుపక్కల సంఘాల వాళ్ళంతా మా ఊళ్ళో కూడడం, మందిరం వెనక మైదానంలో చెడుగుడు ఆడడం ఆనవాయితీ. మా అన్న కూతకు పెట్టింది పేరు. ఊపిరి తిప్పుకోకుండా "చెడుగుడు చెడుగుడు" అంటూ అవతలి బరిలో వాడు తిరుగుతుంటే గొర్రెలు తోలుకుపోయే వాళ్ళు కూడా నిలబడి వినేవారు. ఆ ఏడు అమ్మ పంపనని భీష్మించుకుంది. పెద్దలు ఇంటికొచ్చి బతిమాలారు, నాయన కూడా పోనీయమన్నాడు. ఇక తప్పదనుకుని అమ్మ, దోర్నాల అడవి నుంచి వచ్చే తేనెమైనం, కాళ్ళ పగుళ్ళకని దాచుకున్నది తీసి కరిగించి, పాత పంచె గుడ్డలో చుట్టి, ఇంకా వెచ్చగా ఉండగానే అన్న చేత కరిపించింది. ఆరిన తరువాత దాని మీద వాడి పళ్ళ అచ్చు ఒక్కొక్కటీ పడి ఉంది. అమ్మ ఆ అచ్చును వేలితో తడుముతూ, ఎన్నాళ్ళకో కాస్త నవ్వింది. ఏ పుస్తకంలో చదివింది? ఎవరు చెప్పారు? భయమే నేర్పింది.

కానీ కూత సంగతి ఆమెకు తట్టలేదు. నోరు నిండా మైనం పెట్టుకున్నవాడు చెడుగుడు అని ఎట్లా అనగలడు? మొదటిసారి బరిలోకి దిగగానే వాడి గొంతులో గురగుర తప్ప ఇంకేమీ బయటికి రాలేదు. కొనకనమిట్ల వైపు వాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. "ఏంది బామ్మర్దీ, కూతకొచ్చినావా, కుడితి తాగనీక వచ్చినావా?" అన్నాడొకడు. తీర్పరిగా మధ్యలో నిలబడిన మా చిన్నాయన, సొంత అన్నకొడుకని కూడా చూడకుండా, కూత వినపడలేదని బయటికి పంపించాడు. అన్న ముఖం కందగడ్డ అయింది. మళ్ళీ ఆటలోకి వచ్చినప్పుడు నేరుగా అమ్మ దగ్గరికి వచ్చి, తొడుగు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "కూతప్పుడు వద్దమ్మా, పట్టుకునేటప్పుడు పెట్టుకుంటాలే."

అది న్యాయమే అనిపించింది ఆమెకు. చెంబులో నీళ్ళతో దాన్ని శుభ్రంగా కడిగింది. కిందంతా మన్ను. కొడుకు నోట్లో పెట్టుకోవలసినది మన్నులో పెట్టలేక, గని నుంచి తెచ్చి మైదానం అంచున పేర్చిన పలకబండల్లో నున్నటిది చూసి, పైటతో తుడిచి, దాని మీద పెట్టింది. ఆ బండల మీద ఏటేటా వడియాలు ఎండబెట్టే మనిషి, పొద్దెక్కితే అవి పెనంలా కాలుతాయని పిల్లలను హెచ్చరించే మనిషి. ఆ క్షణాన ఆమెకు దుమ్ము ఒక్కటే కనిపించింది.

అన్న కూతకు వెళ్ళి ముగ్గురిని కొట్టి తిరిగొచ్చాడు. చప్పట్ల మధ్య అమ్మ వైపు చెయ్యి చాచాడు. అమ్మ బండ దగ్గరికి పరుగెత్తింది. మైనం మెత్తబడి, గుడ్డలోంచి ఊరి, నల్లటి రాయి మీద జిడ్డుగా పరుచుకుని ఉంది. పళ్ళ అచ్చు లేదు. అమ్మ దాన్ని రెండు చేతులతో గబగబా నొక్కుతూ, మళ్ళీ ఆకారం తేవాలని చూస్తూ, "తాళు నాయనా, ఒక్క రవ్వ తాళు" అంటూనే ఉంది. అన్న నవ్వి, పోనీలేమ్మా అని వెనక్కి తిరిగాడు.

అవతలి నుంచి కూతకు వచ్చినవాడి కాళ్ళు పట్టుకోబోతే వాడి మోకాలు అన్న మూతికి తగిలింది.

జనమంతా అన్న చుట్టూ చేరితే అమ్మ మాత్రం నేల మీద పాకుతూ మన్ను జల్లిస్తూ ఉంది. దొరికిన రెండు పళ్ళనూ కడిగి, చిగుళ్ళలో గుచ్చి, అదే మైనాన్ని ముద్ద చేసి అదిమిపెట్టింది. ఆ తరువాత అన్నకు గంజే ఆహారం. మాట్లాడనివ్వలేదు, నవ్వనివ్వలేదు. పళ్ళు నిలబడ్డాయనే అనుకున్నాం. ప్రతి పూటా ప్రార్థనలో అమ్మ ఆ రెండు పళ్ళ కోసం వేడుకుంటుంటే నాయన "ఆమెన్" అనడానికి కూడా ఊపిరి చాలక తల ఊపేవాడు. కర్నూలులో డాక్టరు బొటనవేలితో నొక్కగానే అవి అన్న నాలుక మీదికి రాలాయి. గేటు బయట నిలబడ్డ అమ్మ, వాడు నోరు మూసుకుని నడిచి రావడం చూసి, వెనక్కి తిరిగి ఇంటి దారి పట్టిందట.

ఆ వానాకాలం అన్న నాయన ఉలి తీసుకుని గనిలోకి దిగాడు. అమ్మ మా అరుగు మీది పలకబండను గునపంతో పెకలించి గోడ అవతల పారేసింది. మిషన్ వాళ్ళ సాయానికి తోడు ఆ ఉలి సంపాదనతోనే నేను గుంటూరులో కాలేజీ చదివాను.

ఈ సాయంత్రం అన్న గిద్దలూరులోని మా ఇంటికి వచ్చాడు. "ఏంది అల్లుడూ, పండ్లకు చెప్పులు కుట్టించుకున్నావంట?" అని పిల్లవాణ్ణి నవ్వించి, రబ్బరు తొడుగు కడిగి తన నోట్లో పెట్టుకుని చూశాడు. కూత పెట్టమని వాడు మామ చేయి పట్టుకుని లాగాడు. అన్న పెరట్లో కాలివేలితో గీత గీసి, పంచె ఎగగట్టి, వంగి, మొదలుపెట్టాడు. బండ దాకా కూడా పోలేదు. ఊపిరి తెగిపోయి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, నాయన దగ్గినట్టే దగ్గాడు.

"రబ్బరు అడ్డమొచ్చింది కదా మామా?" అన్నాడు పిల్లవాడు.

అన్న దాన్ని తీసి వాడి చేతిలో పెట్టాడు. "అవున్రా అల్లుడూ, ఈ పాడు రబ్బరే."

తొడుగును వేడినీళ్ళతో కడిగి గ్లాసులో వేశాను. ఆ మధ్యాహ్నం అది బండ మీద కరగలేదు. అమ్మ అడవి మైనంతో చేయబోయింది ఇప్పుడు మదరాసు దుకాణాల్లో దొరుకుతుంది, నా కొడుకు అది పెట్టుకుని హాయిగా ఆడుకుంటాడు. అమ్మ ఉంటే దాన్ని తిప్పి తిప్పి చూసేది. వసారాలో అన్న దగ్గు ఇంకా ఆగలేదు. ఆ రొమ్ములో ఒకప్పుడు మైదానం ఆ చివర గొర్రెల కాపరులు నిలబడి వినేంత కూత ఉండేది.