లంకకు పోవలసిన సంచి నందికొండకు పోయింది

శ్రీలంక చూడదలచిన వాళ్లు నేరుగా శంషాబాద్ వెళ్లి విమానం ఎక్కవచ్చు. మేము మాత్రం ముందుగా నాగార్జునసాగర్ దగ్గరి నందికొండకు పోవలసి వచ్చింది, అదీ ఆర్టీసీ బస్సులో. ఎందుకో చెబుతాను, ఈ తిప్పలు మీకు రాకుండా ఉంటాయి.

మేమంటే నేనూ, మా అత్తమ్మా. నేను నల్గొండలో టీచర్‌ని. అత్తమ్మది తిరుమలగిరి దగ్గర పల్లె. మా బడి టీచర్లం కొందరం సెలవుల్లో లంక చూసి వద్దామనుకుంటే, సీతమ్మ కూర్చున్న తావు చూస్తానని అత్తమ్మ కూడా తయారైంది. మామయ్య పొమ్మనలేదు, వద్దనలేదు. తువ్వాల భుజాన వేసుకుని పొలానికి వెళ్లిపోయాడు. పుట్టింటికి పోవాలన్నా ఆయన ఊఁ అనేదాకా ఎదురుచూసిన మనిషి అత్తమ్మ. అందుకే నల్గొండలో మా ఇంటికి వచ్చాక కూడా ఆమె మనసు కుదురుగా లేదు.

విమానం మంగళవారం. ఆదివారం పొద్దున్నే మా సరోజన టీచర్ ఫోన్ చేసింది. "అక్కా, ఈటీఏ తీస్కున్నరా మీరిద్దరు?"

ఈటీఏ అంటే ఆ దేశం వాళ్లు ఆన్‌లైన్‌లో ఇచ్చే ముందస్తు అనుమతి. అది లేకుంటే విమానం ఎక్కనివ్వరట. ఉప్మా చల్లారేలోగా నా దరఖాస్తు నింపి పంపేశాను. ఇంత సులువా అని మురిసిపోతూ అత్తమ్మను పాస్‌పోర్టు అడిగాను.

"పరస్తానం సంచిల వెట్టిన బిడ్డా," అంది.

మా అత్తమ్మ మంగళవారం గడప దాటి ప్రయాణం కట్టదు. అలాంటి వాళ్లకు పెద్దలు పరస్తానమని ఒక ఉపాయం పెట్టారు. మంచిరోజున ప్రయాణపు సంచిని పక్కింట్లో పెట్టేస్తే, ఆ రోజే బయలుదేరినట్టు లెక్క. తర్వాత మనిషి ఎప్పుడు పోయినా పరవాలేదు. కానీ ఆ సంచి మళ్లీ ఇంట్లోకి రాకూడదు. గురువారం మంచిదని అత్తమ్మ తన సంచిని మా పక్కింటి ఖాజాబీ ఇంట్లో పెట్టింది. చీరలూ, పసుపు బియ్యంతో పాటు పాస్‌పోర్టు కూడా అందులోనే సర్దింది.

వెళ్లి చూస్తే ఖాజాబీ ఇంటికి తాళం. ఫోన్ చేస్తే నందికొండలో బిడ్డ ఇంట్లో ఉన్నానంది. సంచి?

"నా తానే ఉన్నది బేటీ. ఇంకొకరి సామాను తాళమేసిన ఇంట్ల ఇడిసిపెడ్తనా? నమ్మి ఇచ్చిన అమానత్ అది."

ఆమె బిడ్డ దగ్గర మంచి ఫోనే ఉంది. సంచి ముడి విప్పి పాస్‌పోర్టు ఫొటో పంపమన్నాను. ఖాజాబీ ససేమిరా అంది. అప్పజెప్పిన ముడి తాను విప్పదట. మా అత్తమ్మ కూడా ఆమెనే మెచ్చుకుంది. "గదే గదా పద్ధతి," అంది. ఇద్దరూ ఒక్కటయ్యాక నేను చేసేదేముంది?

పది దాటాక సాగర్ బస్సు దొరికింది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం. సీటు దొరకడం మాత్రం అదృష్టం. మా పక్కన హాలియాలో దిగాల్సిన ఒకామె మా కథంతా విని, "లంకకా! మీ ఇంటాయన సరేనన్నడా అవ్వా?" అని అడిగింది. అత్తమ్మ కిటికీలోంచి వరిచేలు చూస్తూ కూర్చుంది. ఆ ప్రశ్నకు నాకే కోపం వచ్చింది.

మధ్యాహ్నానికి నందికొండ చేరాం. ఖాజాబీ సంచిని ఇనుప పెట్టె మీద పెట్టి, పైన దుప్పటి కప్పి ఉంచింది. అత్తమ్మ స్వయంగా ముడి విప్పింది. ఇంట్లో నా ఫోన్‌కు సిగ్నల్ సరిగ్గా అందలేదు. ఎండలో గోడ పక్కన నిలబడి దరఖాస్తు మొదలుపెట్టాను. వృత్తి అన్నచోట గృహిణి అని నింపబోతూ పైకి అన్నాను.

"గృహిణి ఏంది? మూడెకరాల నాట్లు ఎవలేసిండ్రు? వ్యవసాయమని రాయి," అంది అత్తమ్మ.

అలాగే రాసి పంపాను. పరిశీలనలో ఉందని జవాబు వచ్చింది. నాదైతే అప్పటికే వచ్చేసింది. ఖాజాబీ బిడ్డ కృష్ణానది చేపల పులుసు వడ్డించింది. మీరు ఆ వైపు వెళ్తే తప్పకుండా తినండి. అత్తమ్మ మాత్రం ముద్ద ముద్దకూ నా ఫోన్ వైపు చూసింది.

"రాకపోతే నువ్వు పొయ్యిరా బిడ్డా. నాకేం ఫికరు లేదు," అంది. నాకు అన్నం సహించలేదు.

సాయంత్రం బస్సుకు ఖాజాబీ కూడా మాతో బయలుదేరింది. సంచి ఆమె ఒళ్లోనే. అది మా గడప తొక్కకుండా తిరిగి ఆమె ఇంటికే చేరాలి కదా. హాలియా దాటాక నా ఫోన్ మోగింది.

"వచ్చిందత్తమ్మా! రమ్మన్నరు!"

"ఎవల్ని?"

"నిన్నే. నీ పేరు మీదనే వచ్చింది."

అత్తమ్మ నెమ్మదిగా అడిగింది. "మీ మామను అడిగిండ్రా?"

"లేదు. నిన్నొక్కదాన్నే అడిగిండ్రు. నువ్వు చెప్పిన జవాబులే సాలన్నరు."

ఫోన్ తీసుకుని తన పేరెక్కడుందో చూపమంది. చూపిస్తే ఆ ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. ఆ తర్వాత మామయ్యకు కలపమంది.

"ఇగో, నేను ఎల్లుండి లంకకు పోతున్న. బర్రెకు కుడితి పెట్టుడు మర్వకు." అంతే, ఫోన్ నా చేతిలో పెట్టేసింది.

"అన్న ఏమన్నడు వదినె?" అంది ఖాజాబీ, నవ్వు ఆపుకుంటూ.

"అడిగితే గదా ఏమన్న అనేది? నేను అడగలే, చెప్పిన."

తర్వాత లంకలో సముద్రం చూశాం, తేయాకు తోటలు చూశాం, సీతమ్మ తావూ చూశాం. అయినా మా అత్తమ్మ కాళ్లు చాపుకుని అంత హాయిగా కూర్చోవడం నేను మొదట చూసింది ఆ నల్గొండ బస్సులోనే.