ఆపా, నీకోసమే

మా అమ్మ ముప్పై ఏళ్లుగా ఎవరికీ చెప్పని ధరను ఊరందరికీ చెప్పేసిన ఘనత నాది. అదీ ఒక్క వారంలో, ఫోన్‌లో ఆటలు తయారుచేసే ఒక టూల్‌కు పైసా కట్టకుండా. మా ఇంటా వంటా ఇంత పెద్ద పని ఎవరూ చేయలేదు.

పాతబస్తీలో మాది గాజుల దుకాణం. ఇద్దరు లోపల కూర్చుంటే మూడో మనిషి మెట్టు మీద నిలబడాలి. నాన్న పోయాక గద్దె మీద అమ్మే కూర్చుంటోంది. ఆ గద్దె పక్కన హోంవర్కు రాసుకుంటూ పెరిగినదాన్ని నేను. మెట్టు దిగిపోతున్న మనిషిని ఎప్పుడు వెనక్కి పిలవాలో, ఎప్పుడు పిలవకూడదో ఎక్కాల కంటే ముందు నేర్చుకున్నాను. బేరమాడకుండా నేను ఏదీ కొనలేదు. పంటి డాక్టరు దగ్గర కూడా ఆడాను, నోరు తెరిచి ఉండగా, వేళ్లతో.

ఆ టూల్‌ను ఫోన్‌లో ఒక వీడియోలో చూశాను. కోడ్ రాయడం రానక్కర్లేదట. మనకు కావాల్సింది మామూలు మాటల్లో రాస్తే బొమ్మలు, బటన్లు, ఆట మొత్తం అదే కట్టి పెడుతుంది. ప్లాన్లు రెండు. నెలకు ఎనిమిది వందలు కడితే మన ఆట మనదే. ఉచిత ప్లాన్‌లో అయితే ఎవరైనా కాపీ బటన్ నొక్కి, మన ఆటను గొంతుతో సహా తీసుకుని తమ పేరు పెట్టుకోవచ్చు. ఆ షరతు చదివాను. చదివాకే ఉచితం నొక్కాను. గాజుల ఆటను దొంగిలించేది ఎవరని నవ్వుకున్నాను కూడా.

నేను కట్టిన ఆట బేరం ఆట. తెర మీద గద్దె, గద్దె మీద అమ్మలాంటి బొమ్మ. రాళ్ల గాజుల జతకు మీరొక ధర చెబుతారు, బొమ్మ కాదంటుంది. మీరు మెట్టు దిగితే వెనక్కి పిలుస్తుంది. బేరం కుదిరితే తెర మీద చీటీ వస్తుంది. అది చూపిస్తే దుకాణంలో అదే ధరకు ఇస్తాం. అంతా కుదిరింది కానీ ఒక చోట ఆగిపోయింది. ఆఖరి ధర అని ఒక ఖాళీ డబ్బా. అది నింపితే తప్ప ముందుకు కదలదు.

"అమ్మా, రాళ్ల గాజులు ఆఖరికి ఎంతకిస్తవ్?"

"ఎవరికి?"

"ఎవరికైనా."

"ఎవరికైనా అంటే ఎట్ల చెప్తరే? మనిషిని చూడాలె గద."

"దీంట్ల మనిషి ఉండదమ్మా. డబ్బా ఉంటది."

"గట్లయితే ఆ డబ్బాకే అమ్ముకో పో."

అప్పుడు ఆమె నేర్పిన విద్యనే ఆమె మీద వాడాను. "పోనీలే, ఐదొందలు రాస్తున్న. అంతకంటె దిగుడు నీతోని గాదు" అన్నాను.

అమ్మ గద్దె మీద నిటారుగా లేచి కూర్చుంది. "నాతోని గాదా? బట్టలు ఇస్త్రీ చేసేదాని బిడ్డ పెండ్లికి నాలుగొందల ఎనభైకిచ్చిన. పోయి అడుగు!"

నేను 480 రాసుకున్నాను. అమ్మ మీద నేను గెలిచిన మొదటి బేరం అది.

ఇక గొంతు కావాలి. సహజంగా ఉండాలని, అమ్మకు చెప్పకుండా మూడు రోజులు నా ఫోన్‌ను గాజుల పెట్టెల మధ్య పెట్టి రికార్డు చేశాను. అన్నిటికంటే మంచి మాట ఆపాతో మాట్లాడేటప్పుడు దొరికింది. ఆపా అంటే ఉర్దూలో అక్క; అమ్మ అలా పిలిచేది పురానాపూల్ దగ్గర పెళ్లిబట్టలు కుట్టే పెద్దామెను. ఎవరి పెళ్లికి బట్టలు కుట్టినా గాజులకు వాళ్లను మా దగ్గరికే తెస్తుంది. అమ్మ, ఆమె అరగంట బేరమాడతారు. ఆపా రెండుసార్లు చెప్పులు తొడుక్కుంటుంది, రెండుసార్లు విడుస్తుంది. చివరికి అమ్మ ముందుకు వంగి, గొంతు తగ్గించి అంటుంది: "ఆపా, నీకోసమే. ఇంకెవరికీ చెప్పకు."

ఆట గెలిచినవాళ్లకు ఆ మాట వినిపించేలా పెట్టాను.

దుకాణం అద్దం మీద స్కాన్ చేసే స్టిక్కరు అతికించాను. రెండు వారాలు మెట్టు మీద చోటు లేదు. అమ్మ ఆట ఒకసారి చూసి, "నా ముక్కు గింత లావుంటదా?" అంది. తర్వాత చీటీలు చూడటం మొదలుపెట్టింది. 480. 480. 480. ఫోన్‌లో ఓడిపోయినా ఎవరికీ సిగ్గు లేదు, మళ్లీ మొదటి నుంచి ఆడతారు. మూడుసార్లు మెట్టు దిగితే బొమ్మ కరిగిపోతుందని గల్లీ అంతా కనిపెట్టేసింది.

"అందరూ గెలిచిండ్రు గదనే. ఓడింది ఎవరు?"

"గిరాకీ చూడమ్మా, మస్తుంది" అన్నాను.

డ్రైవరు చేత సంచులు మోయిస్తూ వచ్చినావిడ 480కే తీసుకుపోయింది. అదే రోజు ఇస్త్రీ చేసే ఆమె రెండో కూతురి కోసం వచ్చింది. తగ్గించమంటే, ఆమె కోసం తగ్గించడానికి అమ్మ దగ్గర ఏమీ మిగల్లేదు.

ఆ వారంలోనే ఆపా ఒక పెళ్లివాళ్ల తరఫున రాళ్ల గాజులు కొనడానికి వచ్చింది, వెంట కోడలు. అలవాటు ప్రకారం చెప్పులు రెండుసార్లు తొడిగి విడిచి, ఆరు వందల యాభైకి ఒప్పుకుని నోట్లు తీసింది. కోడలు అత్త చేయి పట్టుకుంది.

"అమ్మీ, రుకో. ఫోన్ల నాలుగొందల ఎనభైకే వస్తుంది."

అక్కడే ఆడింది. మూడుసార్లు మెట్టు దిగింది. ఫోన్‌లోంచి మా అమ్మ గొంతు పలికింది: "ఆపా, నీకోసమే. ఇంకెవరికీ చెప్పకు."

దుకాణంలో ఉన్న మరో కస్టమరు నవ్వి, "నాకూ గిదే చెప్పింది" అంది.

ఆపా నవ్వలేదు. "ఈ మాట నాది అనుకున్న బహెన్. ఇన్ని సంవత్సరాలు."

ఆ ఆరు వందల యాభైకి ఒక లెక్క ఉంది. పెళ్లివాళ్లు ఇచ్చే ధర అది, అందులో ఆపాకు కొంత వాటా తిరిగి వెళ్తుంది. ఇంకో లెక్క కూడా ఉంది. ఆపా కొడుకు పెళ్లికి ఆమె చేతిలో ఏమీ లేనప్పుడు, ఈ కోడలి చేతులకు వేసిన గాజులన్నీ అమ్మ ఊరికే ఇచ్చింది. కోడలికి ఆ సంగతి తెలియదు. చెప్పేద్దామని నేను నోరు తెరిచాను. అమ్మ నా మోకాలి మీద చేయి వేసి గట్టిగా నొక్కింది.

ఆపా ఆరు వందల యాభై గద్దె మీద పెట్టింది. అమ్మ కొన్ని నోట్లు వెనక్కి తోసింది.

"రహనే దో, ఉండనీ" అని ఆపా మెట్టు దిగింది. అమ్మ వెనక్కి పిలవలేదు. ఏమని పిలుస్తుంది? ఉన్న ఒక్క మాటా ఫోన్‌లో ఉంది.

ఆ సాయంత్రమే ఆటను తీసేశాను. వారం తిరక్కుండా మా గల్లీలోనే మూడు దుకాణాల అద్దాల మీద అలాంటి స్టిక్కర్లు వెలిశాయి. నేను తీసేలోపే కాపీ బటన్ నొక్కేశారు; బొమ్మ వేరు, గొంతు మా అమ్మదే. ఎదురు దుకాణం ఆయన దగ్గరికి వెళ్లాను.

"అన్నా, తీసెయ్యే. అది మా అమ్మ గొంతు."

"ఎవలదైతేంది చెల్లే, గిరాకీ వస్తుంది. కావాలంటే రోజుకో చాయ్ తాపిస్త."

"రెండు" అనబోయి ఆగాను. చాయ్ మీద కూడా బేరానికి దిగబోయిన నోరు ఇది.

టూల్ వాళ్లకు రాస్తే జవాబు మర్యాదగా వచ్చింది: ఉచిత ప్లాన్ షరతులకు మీరే ఒప్పుకున్నారు.

అమ్మ ఇప్పుడు ధర ఒకసారి చెప్పి ఊరుకుంటుంది. గొంతు తగ్గించదు, ముందుకు వంగదు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బేరమాడేదాన్ని.

ఇక బిల్లు. స్టిక్కరు అచ్చేసినతను రెండు వందలు అడిగితే నూట ఇరవై ఇచ్చాను. టూల్‌కు సున్నా. 480 చొప్పున అమ్మిన జతల మీద మిగిలింది ఆ నెల కరెంటుకు సరిపోయింది. ఆపా మళ్లీ రాలేదు, ఆమె తెచ్చే పెళ్లివాళ్లూ రాలేదు. ఇస్త్రీ చేసే ఆమెకు తగ్గించాల్సింది తగ్గించలేదు. అమ్మ మాట ఒకటి పోయింది, దానికి ధర నాకు తెలియదు, డబ్బా ఖాళీగా వదిలేస్తున్నాను. నాకు మిగిలింది ప్రైవేటు ప్లాన్‌కు కట్టని ఎనిమిది వందలు.