ఇంటిపేరు అడిగే గడి

మా లైబ్రేరియన్ సారు పోయారన్న కబురు ఆదివారం ఆరాధన ముగిసి చర్చి మెట్లు దిగుతుండగా అందింది. దుఃఖం కంటే ముందు నాకు వచ్చిన ఆలోచన చెబితే మీరేమనుకుంటారో: ఇక ఆ పేర్ల సంగతి ఎవరిని అడగాలి?

బీదర్‌లో మా కాలేజీ గ్రంథాలయాన్ని ఆయన చూసుకునేవారు. నాది కంప్యూటర్ పని. కన్నడ, ఉర్దూ, తెలుగు, మరాఠీ పుస్తకాల వివరాలను పాత సాఫ్ట్‌వేర్ నుంచి కొత్తదానిలోకి మార్చే ప్రోగ్రాము రాయాలి. పాతది రచయిత పేరును ఒకే గడిలో ఉంచేది. కొత్తది ఇంటిపేరు ఒక గడిలో, సొంత పేరు మరో గడిలో అడుగుతుంది. నేను చివరి మాటను ఇంటిపేరుగా తీసుకోమని రాశాను. దాంతో పేరు చివర కుశనూర్ అని ఊరు తగిలించుకున్నవాళ్లంతా ఒకే కుటుంబమైపోయారు.

సారు తెర చూసి పడీపడీ నవ్వారు. "కుశనూరోళ్లందర్నీ ఒక్కింటోళ్లను జేస్తివి గదమ్మా! ఇగ పెండ్లిళ్లు ఎట్ల జేసుకుంటరు?"

"మరేం చెయ్యాలె సార్?"

"తెల్వకుంటే ఆగాలె, అడగాలె. మిషనైనా గంతే, మనిషైనా గంతే."

అందుకే అనుమానం ఉన్న ప్రతి పేరు దగ్గరా ప్రోగ్రాము ఆగి, ఏది ఇంటిపేరని అడిగి, జవాబు వచ్చేదాకా కదలకుండా మార్చాను. సారు హుల్సూర్‌లోనో ఇంకెక్కడో ఉన్న ఆ రచయితల ఇళ్లకు ఫోన్ చేసేవారు. "మీ తాత పేర్ల ఊరేది, ఇంటిపేరేది? జర యాద్ చేసి చెప్పున్రి." చాయ్ మీద సాసరు మూతపెట్టి, అవతలివాళ్ల పంట సంగతులు, మోకాళ్ల నొప్పులు కూడా వినేవారు. రిటైరయ్యాక కూడా నా కోసం ఆ ఫోన్లు చేస్తూనే ఉన్నారు.

నా గది కిటికీకి బీరువా అడ్డం. హైదరాబాద్‌లో ఉద్యోగం వస్తే ఈ పని ముగించి చేరతానన్నాను. వాళ్లు ఆగలేదు. ఈ ప్రోగ్రాము నాకు తప్ప ఎవరికీ అంతుపట్టదు. సారు నాకు పని నేర్పారా, కట్టేశారా? రెండూనేమో. అయినా ఆయన మీద కోపం రాదు.

మొన్న కొత్త లైబ్రేరియన్ కన్నడంలో మెత్తగానే చెప్పారు: ఆ ప్రశ్న తీసేసి, చివరి మాటే ఇంటిపేరనుకుని ముగించెయ్యండి, మిమ్మల్ని వేరే విభాగానికి పంపిస్తాను. ప్రోగ్రాములో ఒక్క వరుస తీసేస్తే ఈ గది నుంచి విడుదల.

తీసేద్దామనే కూర్చున్నాను. చివరిసారిగా నడిపితే ఒక పేరు దగ్గర ఆగింది. సారు పేరే. ఎప్పుడో ఆయన సేకరించి అచ్చువేసిన పెండ్లిపాటల చిన్న పుస్తకం అది. పేరులో రెండు మాటలు. ఏది ఇంటిపేరు? ఇన్నేళ్లూ సార్ అనే పిలిచాను.

చిద్రిలోని వాళ్లింటికి ఫోన్ చేశాను. సారు భార్య ఫోనెత్తారు. నా ప్రశ్న విని అన్నారు: "రెండు కలిపే ఒక్క పేరు బిడ్డా. మా అత్త ముద్దుగ పెట్టింది. ఏడ కోస్తవు?"

ఆ వరుస తీయలేదు. అంటే ఇంకా ఈ గదిలోనే ఉంటాను. పేరంతా ఒకే గడిలో పెట్టాను. కొత్త పద్ధతి ఖాళీ గడిని ఒప్పుకోదు. బీరువా పక్కనుంచి సన్నటి ఎండ తెర మీద పడింది. అందులో సారు పేరు ముక్కలు కాకుండా ఉంది. పక్క గడి మాత్రం అడుగుతూనే ఉంది, "ఇంటిపేరు?"