పాత బోరు బుస్సుమన్న రోజు

పునాదులు మనిషి కంటికి కనబడని భూమిని నిలిపిన తండ్రికి, బండరాతి కడుపులోనూ నీటికి దారులు పెట్టిన దేవునికి స్తోత్రం.

తెలంగాణ వచ్చిన కొత్తలో, అచ్చంపేట దగ్గరి మా ఊళ్ళో ప్రార్థన మందిరం లేచింది. జాగా మా అవ్వది, అంటే మా బాపు తల్లిది. బాపు ఆ సంఘానికి కాపరి. అవ్వ ప్రతి ఆదివారం ముందు వరుసలో చాప మీద కూర్చునేది కానీ, బాప్తిస్మం తీసుకోలేదు. మా బాప్తిస్మం నీళ్ళలో నిండా మునిగి తీసుకునేది, ఊరి చెరువేమో ఎండింది. ట్యాంకర్ నీళ్ళకు ఆమె ఒప్పుకోలేదు. "నేనిచ్చిన జాగల దేవుడు నీళ్ళిస్తె గా నీళ్ళల్లనే మునుగుత" అనేది. ఆ ఏడు ఆయాసం ముదిరి, మునగకుండానే పోతానేమోనని బెంగపడింది. సంఘం బోరు బండిని పిలిపించింది.

మా వైపు చాలామంది అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగి, కాయ లేచి నిలబడ్డ చోట బోరు వేయిస్తారు. మేము చోటు చుట్టూ చేతులు పట్టుకుని ప్రార్థిస్తాం. ఆ రోజూ అలాగే మొదలుపెట్టించాం. బండి గొట్టంతో గాలి ఊదుతూ తవ్వుతుంటే పొద్దంతా తెల్లటి రాతిపొడే లేచింది. మధ్యాహ్నం దాటాక, పక్కనే మా ఇంటి వెనక ఏనాడో ఎండిన పాత బోరు ఒక్కసారిగా బుస్సుమంది. మూతగా పెట్టిన రాయి దొర్లిపోయి, గొట్టంలోంచి పొగలాగా దుమ్ము లేచింది.

బాపు ముఖం పాలిపోయింది. అంతకుముందు ఆదివారమే ఆయన పాతాళపు గుంట గురించీ, దాని పొగ గురించీ వాక్యం చెప్పాడు.

"బండి ఆపుండ్రి! పాతాళం నోరు తెరిచింది. మన్ను పోసి మూసేయుండ్రి!"

బండి ఆగింది. ఆడవాళ్ళు కొంగులు కప్పుకుని మోకరించారు. అవ్వ మాత్రం కర్ర పట్టుకుని పాత బోరు దగ్గరికి పోయి, వంగి చెవి ఆనించింది.

"భూమి లోపట బోలే బిడ్డా, కుండ లెక్క" అంది నాతో.

"కాదవ్వా, లోపటంతా రాయి, ఇంకా లోతుకు పోతె ఇనుమని బడిల చెప్పిండ్రు."

"చెప్పినాయన పొయ్యి చూసొచ్చిండా?"

నాకు నవ్వొచ్చింది. ఆమె బాపు వైపు తిరిగింది.

"అరేయ్, ఆడ బండి ఊదితె ఈడికి గాలొచ్చింది. గాలికి తొవ్వ ఉన్నకాడ నీళ్ళకుండదా? దేవుడు బోలు పెట్టిందే నింపేతందుకు. నన్ను ముంచకుండనే బొంద పెడ్తవా?"

"గంతేనంటవా అవ్వా?" అన్నాడు బాపు తల్లితో.

"వాక్యం చెప్పేది నువ్వే గద. జర నమ్మరాదు!"

బాపు మళ్ళీ మొదలుపెట్టమని బండి వాళ్ళకు చెయ్యి ఊపాడు. చీకటి పడకముందే పొడి తడిసింది, బురదయింది, ఆఖరుకు సన్నటి ధార వచ్చింది.

భూమి బోలు కాదని, ఆ గాలి మా బండల్లోని పగుళ్ళ గుండా వచ్చిందని నాకు తెలుసు. అయినా కాళ్ళ కింది చీకటిని చూసి మేమంతా వణికినప్పుడు, అక్కడా దేవుని చేతిపనినే చూసిన అవ్వను తలచుకుంటే ఇప్పటికీ నా తల వంగుతుంది.

ఆదివారం తెల్లవారుజామున కొత్త బోరు నీళ్ళతో తొట్టి నింపి, బాపే తన తల్లిని ముంచాడు. ఆమె లేచి ముఖం తుడుచుకుంది.

"ఎచ్చగున్నయి రా! లోపట దేవుడు పొయ్యి ముట్టిచ్చినట్టున్నడు!"

అందరికంటే ముందు నవ్వింది బాపే.

చదివే మీరూ నాతో కలిసి తలలు వంచండి. తండ్రీ, మా కాళ్ళ కింద ఏముందో నీకే తెలుసు. ఎండిన ప్రతి బోరునూ, దాని పక్కన ఎదురుచూసే ప్రతి ముసలి ప్రాణాన్నీ జ్ఞాపకం చేసుకో. మీరు కూడా ఆమెన్ అనండి.