నేను మాగబెట్టిన పుచ్చకాయలు

ఆరు పుచ్చకాయల ముందు, గల్లీ గల్లీ అంతా చూస్తుండగా, ఓ జన్యుశాస్త్ర విద్యార్థిని పరువు ఎలా పోయిందో చెబుతాను. ఆ విద్యార్థిని నేనే. పట్టా ఇంకా చేతికి రాలేదు గానీ, మా సైదాబాద్ గల్లీలో అప్పటికే సైంటిస్టులా నడిచేదాన్ని.

ఆ రంజాన్‌లో అందరం కలిసి ఇఫ్తార్ పెట్టుకున్నాం. వంట పక్కింటి ఫాతిమా ఆపాది, పుచ్చకాయ షర్బత్ నాది. మూడు రోజుల ముందు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వెళ్తే మంచి కాయలన్నీ అయిపోయి ఆరు మిగిలాయి.

"గవి వద్దక్కా. గాలివానకు తీగలు తెగితే పచ్చియే తెంపిండ్రు," అన్నాడు అమ్మేవాడు.

"ఏం కాదన్నా, నేను మాగబెడ్త."

కోడిగుడ్డుకు దువ్వెన అడిగినదాన్ని చూసినట్టు చూశాడు.

ఇంటికి తెస్తే ఆపా గుండె మీద చెయ్యి వేసుకుంది. "పచ్చి తర్బూజులు తెచ్చినవేంది బేటీ?"

"ఫికర్ చెయ్యకు ఆపా. పండ్లల్ల జీన్లు ఉంటయి."

"తౌబా! తర్బూజుల జిన్నులా?"

"జిన్ను భూతాలు కాదు, జీన్లు! అరటిపండు ఒక గ్యాస్ ఇడుస్తది. అది తగిలితే జీన్లు నిద్ర లేస్తయి. ఒకటి రంగు తెస్తది, ఒకటి తీపి పెంచుతది."

"పండుకున్నయాటిని లేపుడెందుకు బేటీ," అంది ఆపా జాలిగా.

వింటే కదా! కాయల మధ్య రెండు డజన్ల అరటిపండ్లు పేర్చి, పైన మా అమ్మ రగ్గు కప్పాను. బాలింతకు కూడా అంత సేవ జరగదు.

ఇఫ్తార్ రోజు సాయంత్రం, అందరినీ పిలిచి మరీ మొదటి కాయ కోశాను. లోపల తెల్లగా, సున్నం కొట్టిన గోడలా ఉంది. రెండోదీ అంతే. అరటిపండ్లకు ఆనుకున్న మూడోది మెత్తబడి చేతిలోనే కూలిపోయింది. అరటిపండ్లు మాత్రం బొగ్గులయ్యాయి.

వెంటనే మా కాలేజీ మేడమ్‌కు ఫోన్ చేశాను. ఆవిడ ముందు నవ్వి, తర్వాత పాఠం చెప్పింది. "మామిడి, అరటి, టమాటా జీన్లు తెంపినాక కూడా పని చేస్తాయి. పుచ్చకాయ తీగ మీదే పండాలి. తెంపితే అక్కడితో సరి. ఆ గ్యాస్ తగిలితే ఇంకా పాడవుతుంది. ఆ క్లాసులో ముందు బెంచీలో కూర్చుని నోట్సు కూడా రాసుకున్నావు!"

నేను ఫోన్ పెట్టేసేలోపే ఆపా కత్తి అందుకుంది. గట్టిగా ఉన్న కాయల చెక్కు తీసి, ముక్కలు కోసి, పొయ్యి మీద ఉడుకుతున్న దాల్చా పప్పులో వేసేసింది. ఖర్జూరాలు, నీళ్లతో ఉపవాసం విడిచి, నమాజు అయ్యాక అందరూ భోజనానికి కూర్చున్నారు.

ఆపా అత్తగారు రెండోసారి దాల్చా వడ్డించుకుంటూ అడిగింది. "గీ సొరకాయ మస్తుంది. ఎవరు తెచ్చిండ్రు?"

అందరూ నావైపు చూశారు. "నేనే," అన్నాను నేల చూస్తూ.

"శభాష్ బేటీ! తర్బూజ్ కొనుడు రాకున్నా, సొరకాయ ఎంచుడు నీకే తెలుసు!"

గల్లీ అంతా పడీపడీ నవ్వింది. ఆ క్షణమే, దాల్చా గిన్నె మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: ఈ జన్మలో కోసి చూడకుండా ఏ కాయ జీన్ల తరఫునా మాట ఇవ్వను.