టక్కుమనని రిలే

జగ్గయ్యపేటలో మా ఇంటి వెనక వరండాలో మా ఆవిడ నాటుకోడి గుడ్లు పొదిగిస్తుంది. అద్దం మూత ఉన్న థర్మోకోల్ పెట్టె, లోపల రెండు ఫిలమెంటు బల్బులు, వేడిని కనిపెట్టే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు. వేడి తగ్గితే బోర్డు చెప్పినట్టు నడిచే రిలే అనే స్విచ్చు టక్కుమని బల్బులు వెలిగించేది, పెరిగితే టక్కుమని ఆర్పేది. వంటింట్లో పని చేసుకుంటూ ఆ చప్పుడుతోనే ఆమె గుడ్ల సంగతి తెలుసుకునేది.

ఒకరోజు రిలే లోపలి పలకలు అతుక్కుపోయాయి. మేం పెళ్లికి వెళ్లొచ్చేసరికి బల్బులు వెలుగుతూనే ఉన్నాయి, గుడ్లన్నీ ఉడికిపోయాయి. కోడిపిల్లల్ని చేసిమ్మని పెనుగంచిప్రోలు ఆడవాళ్లు నమ్మి ఇచ్చిన గుడ్లవి.

"ఇంకొక్కసారి పెడతా. ఇదీ పోతే పెట్టె అటకెక్కిస్తా" అంది.

అటకెక్కనివ్వకూడదనుకున్నాను. నందిగామ బస్సెక్కి సాలిడ్ స్టేట్ రిలే కొనుక్కొచ్చాను. అతుక్కోవడానికి దాన్లో కదిలే పలకలే ఉండవు. బోర్డు పంపే కొద్దిపాటి కరెంటు లోపల చిన్న వెలుగు పుట్టిస్తుంది. ఆ వెలుగు పడగానే అవతల ఇంటి కరెంటుకు దారి తెరుచుకుంటుంది. మెయిన్ ఆపి, వేడెక్కకుండా దాన్ని అల్యూమినియం దిమ్మకు బిగించి, తీగలు కలిపాను.

బల్బులు వెలిగాయి, ఆరాయి. చప్పుడు లేదు.

"అసలు పని చేస్తందాండీ?"

"చేస్తోంది, చూడు."

"ఎంతసేపని చూస్తా? సరే, ఇది పాడైతే?"

"చాలాసార్లు ఆన్‌లోనే ఉండిపోతుందట."

"ఇంక దానికీ దీనికీ తేడా ఏముందండీ! అప్పుడు చప్పుడు చేసి ఉడికినయ్యి, ఇప్పుడు చప్పుడు లేకుండా ఉడుకుతయ్యి."

ఆమె అన్నది నిజమే. మళ్లీ నందిగామ వెళ్లాను. బోర్డుతో సంబంధం లేకుండా విడిగా పనిచేసే థర్మోస్టాట్ తెచ్చి, బల్బులకు వెళ్లే తీగ మధ్యలో కలిపాను. వేడి హద్దు దాటితే దాన్లోని పాతరకం రిలే కరెంటు తెంచేస్తుంది. దాని సెన్సార్‌ను వేడి టీ గ్లాసుకు ఆనించి చూపించాను. టక్కుమంది, బల్బులు ఆరిపోయాయి.

"ఇకనుంచి చప్పుడు వినపడితేనే కంగారు పడు" అన్నాను.

కొత్త గుడ్లు పెట్టింది. క్వారీ లారీల దుమ్ము దిమ్మ మీద పేరుకుంటే మెయిన్ ఆపి పొడిగుడ్డతో తుడిచేది. చెవి మాత్రం ఎప్పుడూ వరండా వైపే.

మూడో వారం చివర, పప్పుకు తాలింపు పెడుతుండగా టక్కుమంది. గరిటెతోనే పరిగెత్తింది. వెనకే నేను. థర్మామీటరు ముప్పై ఏడున్నర దగ్గరే ఉంది. బల్బులు ఎప్పటిలాగే వెలిగి ఆరుతున్నాయి. మళ్లీ టక్కుమంది. ఆమె అద్దానికి ముఖం ఆనించింది.

"రిలే కాదండీ" అంది. "గుడ్డు."

పెంకు మీద సన్నటి పగులు. లోపలి నుంచి ముక్కు ఇంకోసారి కొట్టింది.