బాపు గడియారాన్ని నేను సరిచేసిన రోజు

ఆ రోజుల్లో నాకు దేవుడి కన్నా సెకన్ల ముల్లు మీద భక్తి ఎక్కువ. పాలిటెక్నిక్ అయిపోయింది, ఉద్యోగం రాలేదు, గోదావరిఖనిలో మా నాన్నకు, అంటే బాపుకు, బొగ్గు గని కంపెనీ ఇచ్చిన క్వార్టర్ వెనక గదిలో, ఇంట్లోంచే దూరదేశాల వాళ్లను పలకరించే హ్యామ్ రేడియో పెట్టుకుని కూర్చునేదాన్ని. (లైసెన్సు ఉంది. అయినా ఇంటి ముందు పోలీసు జీపు ఆగితే మంచం కింద దూరాలనిపించేది. పిరికితనంలో నాకు పోటీ లేదు.) నేను పట్టుకున్నది కంప్యూటరుతో మాట్లాడే డిజిటల్ పద్ధతి. పదిహేను సెకన్లు మన కంప్యూటరు సందేశం పంపుతుంది, తర్వాతి పదిహేను సెకన్లు అవతలివాళ్లది వింటుంది. రెండు వైపులా గడియారాలు ఒకేలా నడవాలి. రెండు మూడు సెకన్లు తేడా వచ్చిందా, అవతలివాళ్లకు మనం లేనట్టే. నా కంప్యూటరేమో పాతది, లోపలి బ్యాటరీ చచ్చి, కరెంటు పోయిన ప్రతిసారీ టైము మరిచిపోయేది. నెల రోజులు పిలిచాను, ఒక్కరూ పలకలేదు. చివరికి మా వీధిలో రేడియోలు బాగుచేసే పెద్దాయన, అందరూ రేడియో చాచా అని పిలిచేవాళ్లు, వచ్చి చూశాడు. "టైమ్ సరిగ లేకుంటే నువ్వు గోడతోని మాట్లాడుతున్నట్టే, బేటీ" అని, ఇంటర్నెట్ నుంచి సరైన టైము తెచ్చుకునే చిన్న ప్రోగ్రామ్ ఒకటి ఎక్కించి పోయాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. కంప్యూటరు టైము సరి కాగానే నాకు ప్రపంచంలో మిగతా గడియారాలన్నీ దొంగల్లా కనబడ్డాయి. అందులో మొదటిది మా ముందు గదిలోని గోడ గడియారం. అది పది నిమిషాలు ముందు నడుస్తుంది. గని పనివాళ్ల ఇళ్లలో చాలావాటి సంగతి అంతే. మొదటి షిఫ్టుకు ఏడు గంటల సైరన్ మోగేలోపు గని దగ్గర హాజరు వేయించుకోవాలి, దాన్నే మస్టర్ అంటారు. సైరన్ మోగాక వెళితే మస్టర్ పడదు. అందుకని బాపు ఏళ్ల తరబడి ఆ గడియారాన్ని ముందుకు నెట్టి, అందులో ఆరూ యాభై కాగానే బండి తీసేవాడు. ఇవన్నీ తెలిసి కూడా ఆ సాయంత్రం స్టూలెక్కి గోడ గడియారాన్ని సరిచేశాను. షెల్ఫు మీద, అంతే ముందు నడుస్తున్న బాపు చేతి గడియారాన్నీ వదల్లేదు. ఇంట్లో ఒక్క మాట చెప్పలేదు. మంచి పనికి చాటింపు ఎందుకనుకున్నాను.

ఆ ఏడాది బాపుకు కామెర్లు వచ్చి నెలల తరబడి మస్టర్లు పోయాయి. కంపెనీ నోటీసు ఇచ్చింది. ఏడాది ముగిసేదాకా ఇంకొక్క మస్టర్ తప్పినా నౌకరి ఉండదని ఆఫీసరు పిలిచి చెప్పాడు. అప్పటి నుంచి బాపు డ్యూటీకి పోయిన ప్రతి రోజూ అమ్మ క్యాలెండరు మీద పసుపు బొట్టు పెట్టేది. ఆ బొట్లు చూస్తూ కూడా నేను స్టూలెక్కానంటే నా తెలివి ఎంతటిదో మీరే అంచనా వేసుకోండి.

మర్నాడు పొద్దున రేడియో ముందు కూర్చున్నాను. బాపు బండి వెళ్లిన చప్పుడు విన్నాను. కాసేపటికి తెర మీద ఎర్రటి వరుస వచ్చింది. జపాన్ నుంచి ఎవరో నా పిలుపుకు పలికారు. ఒళ్లు జల్లుమంది. సరిగ్గా అప్పుడే ఏడు గంటల సైరన్ మోగింది. కంప్యూటర్లో ఏడు, సున్నా, సున్నా. ముందు గదిలోకి తొంగిచూస్తే గోడ మీదా ఏడే. మూడూ కలిశాయని చప్పట్లు కొట్టబోతే, చేతులు గాల్లోనే ఆగిపోయాయి. బాపు ఇప్పుడే కదా వెళ్లింది. అంటే ఇంకా దారిలోనే ఉన్నాడు.

జపాన్‌ను అలాగే వదిలేసి బాపుకు ఫోను చేశాను. ఫోను షెల్ఫు మీద మోగింది. (గనిలోకి ఫోను తీసుకుపోనివ్వరు. అదీ తెలిసిందే.) మస్టర్ పడకపోతే తిరిగి ఇంటికే వస్తాడని గుమ్మంలో నిలబడ్డాను. ప్రతి బండి చప్పుడుకూ రోడ్డు మీదికి తొంగిచూశాను. ఎనిమిదైంది, తొమ్మిదైంది, రాలేదు. మస్టర్ పడిందేమో అని ఒక క్షణం ఊపిరి పీల్చుకున్నానో లేదో, ఇంకో భయం పట్టుకుంది. ఆలస్యమైందని ఆ బొగ్గు లారీల రోడ్డు మీద బండి గట్టిగా తోలి ఉంటే? వంటింట్లో అమ్మ ఆ రోజు బొట్టు పెట్టడానికి పసుపు తడుపుతోంది. ఆమె ముఖం చూడలేక, దుకాణానికి పోయొస్తానని అబద్ధం చెప్పి స్కూటీ తీశాను. దారి పొడవునా రోడ్డు పక్కన చెప్పులున్నాయా, టిఫిను డబ్బా ఉందా అని చూసుకుంటూ పోయాను. ఇప్పటికీ ఆ దారిలో పోతే నా కళ్లు అటే పోతాయి.

గని గేటు బయట టీ హోటల్ బెంచీ మీద, ఒళ్లో డబ్బా పెట్టుకుని, బాపు కూర్చుని ఉన్నాడు. ప్రాణంతో ఉన్నాడు. దగ్గరికి పోయి మాట్లాడబోతే ఏడుపొచ్చింది.

"ఏంది బిడ్డా, అమ్మకు మంచిగనే ఉన్నదా?" అన్నాడు, తనే భయపడిపోయి.

మొత్తం చెప్పేశాను. బాపు చేతి గడియారం వంక చూసుకుని చెప్పాడు: అయిదు నిమిషాలు ఆలస్యమైందట, కాళ్లావేళ్లా పడితే సారు మధ్యాహ్నం మూడింటి షిఫ్టుకు దిగమన్నాడట. మస్టర్ దక్కింది. మరి ఇంటికెందుకు రాలేదని అడిగాను.

"ఇంటికొస్తే మళ్ల గా గడియారం చూసే రావాలె గద. గందుకే ఈడనే కూసున్న."

ఏడు నుంచి మూడింటి దాకా, ఎనిమిది గంటలు, నేను సరిచేసిన గడియారానికి భయపడి ఒక మనిషి బెంచీ మీద కూర్చోడానికి సిద్ధపడ్డాడు. నేను వంచిన తల ఎత్తలేదు. బాపే మాట మార్చాడు, నెల రోజుల నుంచి పిలుస్తున్నావు కదా, ఎవరైనా పలికారా అని. జపాన్ పలికిందనీ, సైరన్ విని మధ్యలోనే వదిలేశాననీ చెప్పాను.

"అరెరె, పాపం. గాయినకు కూడ మస్టర్ పడలే అయితే" అన్నాడు బాపు.

బాపు రిటైరయ్యాడు. నా కంప్యూటరు ఇప్పుడు ఉపగ్రహాల నుంచి టైము తెచ్చుకుంటుంది. గోడ గడియారానికి బ్యాటరీ మార్చే పని మాత్రం నాదే. ఆ మొద్దు అమ్మాయిని తలచుకుని నవ్వుకుంటూ స్టూలెక్కుతాను, కంప్యూటరు చూసి సెకన్ల ముల్లును సరిగ్గా కలుపుతాను, తర్వాత పది నిమిషాలు ముందుకు తిప్పి దిగుతాను. ఏ డ్యూటీ లేకపోయినా, బాపు పొద్దున్నే దాన్నొకసారి చూసి, నా గది వైపు ఒకసారి చూసి, అప్పుడు టీ తాగుతాడు.